బాలల గృహాల కొలువు: నాటి అర్హతలు, నేటి ఒప్పందాలు

మన సంఘంలో రెవెన్యూ వారున్నారు, పంచాయతీరాజ్ వారున్నారు, ఉపాధ్యాయ మిత్రుల సంగతి సరేసరి. బాలల సంస్కరణ శాఖలో పనిచేసి రిటైరైన వాళ్లం మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేటంత మందిమి. సమావేశాల్లో ఎవరైనా "మీది ఏ శాఖండీ?" అని అడుగుతారు. నేను చెప్పగానే "అంటే జైళ్లా?" అని మళ్లీ అడుగుతారు. "జైళ్లు కావండీ, జైలుకు పోకూడని పిల్లల శాఖ" అని చెప్పడం నాకు అలవాటైపోయింది.

పింఛనుదారుల దినోత్సవ ప్రత్యేక సంచికకు మా శాఖ గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను చట్టం చదువుకున్నవాణ్ణి కాను. 1973లో గుమాస్తాగా చేరి, 2009లో దిగిపోయేదాకా 36 సంవత్సరాలు ఎక్కువ భాగం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులోనే కూర్చుని తోటివారి సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి. కనుక ఈ శాఖలో కొలువు ఎవరికిచ్చేవారు, ఏ అర్హతలు అడిగేవారు, ఏ సౌకర్యాలు కల్పించేవారు, అవి ఎలా మారుతూ వచ్చాయి అన్న చరిత్రను నాకు తెలిసినంతలో మనవి చేస్తాను. ఇది ఉద్యోగుల చరిత్రలా కనిపించినా ఇందులో నష్టపోయినా, లాభపడినా ముందుగా ఆ ఫలం అనుభవించేది పిల్లలే. ఆ మాట చెప్పడానికే ఈ వ్యాసం.

జైలు నుంచి బడికి

మన దేశంలో తప్పుదారి పట్టిన పిల్లల కోసం ప్రత్యేకంగా ఆలోచించడం 1850 నాటి అప్రెంటిస్ చట్టంతో మొదలైంది. 10 నుంచి 18 ఏళ్ల లోపు అనాథలను, చిన్న నేరాలు చేసిన పిల్లలను ఏదైనా చేతిపని నేర్చుకోవడానికి పెట్టవచ్చునని ఆ చట్టం చెప్పింది. తర్వాత 1876లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం వచ్చింది, 1897లో దాన్ని మళ్లీ రాశారు. శిక్షపడిన బాలురను జైలుకు బదులు సంస్కరణ పాఠశాలకు పంపే ఏర్పాటు అది. మద్రాసు రాజధానిలో చెంగల్పట్టు పాఠశాల ఆ విధంగా పేరు పొందింది.

1919-20లో భారత జైళ్ల కమిటీ పిల్లలను పెద్ద ఖైదీలతో కలపరాదనీ, వారి విచారణకు వేరే కోర్టులుండాలనీ గట్టిగా సిఫారసు చేసింది. దాన్ని అనుసరించి దేశంలో ప్రప్రథమంగా చట్టం చేసింది మన పాత మద్రాసు రాష్ట్రమే. అది 1920 మద్రాసు బాలల చట్టం. 1922లో బెంగాలు, 1924లో బొంబాయి ఆ దారిలో నడిచాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులో ఉన్నాయి గనుక ఆ చట్టం మనకూ వర్తించింది. జూనియర్, సీనియర్ సర్టిఫైడ్ స్కూళ్లన్న మాటలు ఆ చట్టం ద్వారా వచ్చినవే. తెలంగాణకు 1951లో హైదరాబాదు బాలల చట్టం వచ్చింది. 1956లో రాష్ట్రం ఒకటైనా చట్టాలు మాత్రం ఒకటి కాలేదు. నేను చేరిన కొత్తలో ఫైలు విప్పగానే ముందు జిల్లా పేరు చూసి, ఆ తర్వాత ఏ చట్టమో చూసుకోవలసి వచ్చేది.

పేరుకు పాఠశాలలే అయినా వీటి ఆజమాయిషీ మొదట్లో జైళ్ల శాఖ చేతిలోనే ఉండేది. దాని ప్రభావం నియామకాల మీద పడింది. జైలు వార్డరును తీసుకునేటప్పుడు ఎత్తు, ఛాతీ కొలుస్తారు. తలుపులకు తాళాలు వేయగలడా, తలలు లెక్కపెట్టగలడా అన్నదే అక్కడ ముఖ్యం. పిల్లల దగ్గర ఉండేవాడికీ అదే చాలనుకునే ధోరణి చాలాకాలం పోలేదు. ఏడుస్తున్న పదేళ్ల పిల్లవాణ్ణి ఊరుకోబెట్టగలడా అన్నది ఏ దరఖాస్తు ఫారంలోనూ ఉండేది కాదు.

నాటి కొలువు

మా తరానికి గుమాస్తా ఉద్యోగమంటే సర్వీసు కమిషను గ్రూపు-4 పరీక్ష. ఎంపికయ్యాక వయసు ధ్రువపత్రం, గెజిటెడ్ అధికారి ఇచ్చే నడవడిక పత్రం, సివిల్ సర్జను ఇచ్చే ఆరోగ్య పత్రం, పోలీసు విచారణ నివేదిక - ఇవన్నీ కుదిరితేనే చేరిక. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక స్థానికత కూడా తోడైంది. చేరిన తర్వాత ప్రొబేషను, దాని వెంట డిపార్టుమెంటు పరీక్షలు. అకౌంట్స్ టెస్టు పాసుకాకపోతే పదోన్నతి ఊసే లేదు.

ప్రొబేషను అంటే గుర్తొచ్చింది. మా శాఖలో ఆ మాటకు రెండర్థాలు. కొత్తగా చేరిన ఉద్యోగిదీ ప్రొబేషనే. తప్పు చేసి, కోర్టు మంచి నడవడిక షరతు మీద ఇంటికి పంపిన కుర్రవాడిదీ ప్రొబేషనే. ఇద్దరి ఫైళ్లూ ఒకే బీరువాలో ఉండేవి. కాగితం తెచ్చిన కొత్త అటెండరును "ఎవరి ప్రొబేషనయ్యా, మనదా వాళ్లదా?" అని అడిగి నవ్వుకునేవాళ్లం.

ఆ రెండో ప్రొబేషనుకు మంచి చరిత్ర ఉంది. 1936లో మద్రాసు రాష్ట్రం నేరస్థుల ప్రొబేషను చట్టం చేసింది. దేశమంతటికీ 1958లో కేంద్ర చట్టం వచ్చింది. పిల్లవాడి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రులను, బడిపంతులును, ఇరుగుపొరుగును విచారించి కోర్టుకు నివేదిక ఇచ్చే ప్రొబేషను అధికారి అనే ఉద్యోగి అలా పుట్టాడు. అదే 1936లో బొంబాయిలో టాటా వారి సమాజసేవా విద్యాలయం మొదలైంది. ఇతరుల కష్టం తెలుసుకోవడం కూడా చదువుకుని నేర్చుకోవలసిన విద్యేనని, దానికి పట్టా ఉంటుందని మన దేశానికి అలా తెలిసింది. నేడు ఈ శాఖ ప్రకటనల్లో కనిపించే ఎం.ఎస్.డబ్ల్యు. అర్హతకు మూలం అక్కడుంది.

ఇక సౌకర్యాలు. జీతం గొప్పది కాదని మీకందరికీ తెలుసు. మాది చిన్న శాఖ కావడంతో పదోన్నతులు నత్తనడక నడిచేవి. 8, 16, 24 సంవత్సరాల స్కేళ్లు లేకపోతే మా గతి ఏమయ్యేదో! అయినా ఏటేటా ఇంక్రిమెంటు, జి.పి.ఎఫ్., ప్రభుత్వ జీవిత బీమా, 1984 నుంచి గ్రూపు ఇన్సూరెన్సు, సంపాదిత సెలవు, వైద్య ఖర్చుల వాపసు ఉండేవి. అన్నిటికీ మించి పింఛను. 1980 సవరించిన పింఛను నిబంధనల ప్రకారం 33 సంవత్సరాల సర్వీసుంటే పూర్తి పింఛను, కనీసం 10 సంవత్సరాలుంటే దామాషా ప్రకారం. మనిషి పోతే కుటుంబ పింఛను. నేను 2009లో కమ్యూట్ చేసుకున్న భాగం 15 సంవత్సరాలు నిండి 2024లో మళ్లీ పింఛనులో కలిసినప్పుడు, మా ఇంటావిడ "కొత్త ఉద్యోగం వచ్చినట్టుంది" అంది.

ఒడిదుడుకులు లేకపోలేదు. 1983లో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దలు రాత్రికి రాత్రి మాజీలైపోయారు. వాళ్ల పింఛను కాగితాలు తయారుచేసిన వాళ్లలో నేనొకణ్ణి. 1984లో మళ్లీ 58 చేశారు. ఆ మధ్యకాలంలో ఇంటికి పోయినవారికి 1985లో సుప్రీంకోర్టు తీర్పుతో ఊరట కలిగింది. అంతకుముందే 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనూ, 1982 డిసెంబరు 17న నకారా కేసులోనూ పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని అదే న్యాయస్థానం తేల్చింది. మనం ఏటా డిసెంబరు 17న దినోత్సవం జరుపుకునేది ఆ తీర్పు జ్ఞాపకంగానే.

సర్వీసు రిజిస్టరులో లేని గడి

ఈ సౌకర్యాల వల్ల ఉద్యోగికే లాభమనుకుంటాం. నేను కళ్లారా చూసింది వేరు. ఒక గృహంలో రాత్రి కాపలా చూసే నాలుగో తరగతి ఉద్యోగి ఉండేవాడు. పెద్ద చదువు లేదు, సంతకం మాత్రం చేసేవాడు. ఒకే గృహంలో 28 సంవత్సరాలు చేశాడు. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రాత్రి నిద్రపోరనీ, కొందరు పక్క తడుపుతారనీ, తెల్లారేలోగా ఆ దుప్పటి మార్చేస్తే మిగతావాళ్లు వెక్కిరించరనీ అతనికి తెలుసు. ఇది ఎవరూ శిక్షణ ఇచ్చి నేర్పింది కాదు. ఏళ్ల తరబడి అక్కడే ఉండబట్టి తెలిసింది.

అతని పింఛను కాగితాల కోసం నేను ఆ గృహానికి వెళ్లిన రోజున, అక్కడ పెరిగి లారీ మెకానిక్ అయిన యువకుడొకడు పెళ్లి శుభలేఖ పట్టుకొచ్చాడు. సూపరింటెండెంటు గదికి పోలేదు, నేరుగా ఇతని దగ్గరకు పోయి "బాబాయ్, నువ్వు రాకపోతే ఊరుకోను" అన్నాడు. సర్వీసు రిజిస్టరులో సెలవులకు గడి ఉంది, శిక్షలకు గడి ఉంది, ఇంక్రిమెంట్లకు గడి ఉంది. దీన్ని రాయడానికి గడి లేదు.

తక్కువ జీతం, రాత్రి డ్యూటీ, బయటికి చెప్పుకుంటే గౌరవం లేని శాఖ. అయినా అతడు 28 సంవత్సరాలు ఎందుకున్నాడు? పిల్లల మీది ప్రేమ ఒక్కటే అంటే అది అతిశయోక్తి అవుతుంది. చివర పింఛను ఉందన్న ధీమా అతణ్ణి నిలబెట్టింది, నిలబడ్డాడు కాబట్టి పిల్లలకు ఒక బాబాయి దొరికాడు.

పెరిగిన అర్హతలు

1980ల నుంచి చట్టం చాలా ఎదిగింది. 1985లో ఐక్యరాజ్యసమితి బాలల న్యాయం మీద బీజింగ్ నియమాలను ఆమోదించింది. జైళ్లలో మగ్గుతున్న పిల్లల తరఫున షీలా బార్సే వేసిన కేసులో సుప్రీంకోర్టు 1986లో, రాష్ట్రానికొక చట్టం కాక పార్లమెంటే ఒక చట్టం చేయడం మంచిదని చెప్పింది. అదే ఏడాది బాలల న్యాయ చట్టం వచ్చి 1987 అక్టోబరు 2 నుంచి అమలైంది. బాలురకు 16, బాలికలకు 18 ఏళ్లు హద్దుగా పెట్టారు. సర్టిఫైడ్ స్కూలు అన్న బోర్డులు పోయి అబ్జర్వేషన్ హోము, జువెనైల్ హోము, స్పెషల్ హోము అన్న బోర్డులు వచ్చాయి.

1992లో భారతదేశం బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. దానికి అనుగుణంగా 2000లో కొత్త చట్టం చేసి, 2001 ఏప్రిల్ 1 నుంచి బాలబాలికలిద్దరికీ 18 ఏళ్ల హద్దు పెట్టారు. కోర్టు స్థానంలో బోర్డు వచ్చింది. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఆపైన 2015 చట్టం వచ్చి 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. ఘోరమైన నేరాల్లో 16 నుంచి 18 ఏళ్లవారి గురించి ఆ చట్టం పెట్టిన వేరే పద్ధతి మీద చాలా చర్చ జరిగింది. అది మరో వ్యాసానికి సరిపడే విషయం.

మన విషయానికొస్తే, ఉద్యోగుల అర్హతలు ఈ చట్టాలతో బాగా పెరిగాయి. బోర్డులో సామాజిక సభ్యులు కావాలంటే పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో కనీసం 7 సంవత్సరాలు చురుకుగా పనిచేసి ఉండాలి, లేదా బాలల మనస్తత్వం, మానసిక వైద్యం, సమాజశాస్త్రం, న్యాయశాస్త్రాల్లో ఒకదానిలో పట్టా ఉండి వృత్తిలో ఉండాలి. మేజిస్ట్రేటుకు కనీసం 3 సంవత్సరాల అనుభవం కావాలి. ప్రతి పోలీసు స్టేషనులో ఏ.ఎస్.ఐ. స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరుండాలి. 100 మంది పిల్లలున్న గృహానికి 2016 నమూనా నిబంధనలు సూచించిన సిబ్బందిలో ఒక సూపరింటెండెంటు, ముగ్గురు ప్రొబేషను లేదా బాలల సంక్షేమ అధికారులు, ఇద్దరు కౌన్సెలర్లు, నలుగురు గృహమాతలు లేదా గృహపితలు ఉన్నారు. ఆడపిల్లల గృహాల్లో అందరూ మహిళలే ఉండాలి. పిల్లలను హింసించిన చరిత్ర గాని, శిక్షపడిన చరిత్ర గాని తమకు లేదని గృహాన్ని నడిపేవారు రాసివ్వాలి.

ఛాతీ కొలిచే రోజుల నుంచి ఇంతవరకు రావడం సామాన్యమైన సంగతి కాదు. ఇందుకు మనమందరం సంతోషించాలి.

తరిగిన భరోసా

అయితే అర్హతలు పెరిగిన ఈ కాలంలోనే కొలువు భరోసా తరిగిపోవడం ముఖ్యంగా గమనించదగ్గ విషయం. 1994లో నియామకాల క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. జీ.ఓ. 212 కింద, 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు నిండిన దినసరి ఉద్యోగులను పర్మనెంటు చేశారు. ఆ జాబితాల కోసం మనం రాత్రిళ్లు ఎన్ని పాత ముస్టర్లు తిరగేశామో సెక్షన్లలో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది. ఆ తలుపు అక్కడితో మూసుకుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో కొత్తగా చేరినవారికి పాత పింఛను పోయి, కాంట్రిబ్యూటరీ పింఛను పథకం వచ్చింది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, నిబంధనల ప్రకారం నియామకం కాని తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ హక్కు లేదని చెప్పింది. తాత్కాలికులైనా అదే పని చేస్తే ఆ పోస్టుకున్న కనీస వేతనం ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది.

2009లో కేంద్రం సమగ్ర బాలల రక్షణ పథకం ప్రారంభించింది. అదే 2022 మార్గదర్శకాలతో మిషన్ వాత్సల్య పేరున నడుస్తోంది. మన రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు భరిస్తాయి. ప్రతి జిల్లాకూ బాలల రక్షణ విభాగం ఏర్పడింది. రక్షణ అధికారి, న్యాయ సహాయ ప్రొబేషను అధికారి, కౌన్సెలరు, సామాజిక కార్యకర్త, ఊళ్లలో తిరిగే కార్యకర్త - ఇలా మా రోజుల్లో కలలో కూడా లేని పోస్టులు వచ్చాయి. పథకం మంచిది. కాని ఈ పోస్టుల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టు పద్ధతిలోవే.

మా చెల్లెలి కూతురు ఎం.ఎస్.డబ్ల్యు. చదివి ఇలాంటి పోస్టులోనే కౌన్సెలరుగా పనిచేస్తోంది. చదువులో గాని, శిక్షణలో గాని మా కాలపు ఉద్యోగులెవరూ ఆమెకు సాటిరారు. ఒక పండక్కి ఇంటికొచ్చి నా పాత సర్వీసు రిజిస్టరు నకలు తిరగేస్తూ "మామయ్యా, ఇంత లావు పుస్తకమా! నాది రెండు పేజీల అగ్రిమెంటు" అంది. తర్వాత కాసేపటికి అన్న మాట నాకు ఇంకా బాధగానే ఉంది. "పిల్లవాడు నాతో నోరు విప్పడానికే ఆరు నెలలు పడుతుంది మామయ్యా. నా ఒప్పందం చూస్తే ఏడాదికే. 'అక్కా, మళ్లీ ఏడాది ఉంటావా?' అని వాడు అడిగితే ఏం చెప్పను?"

నేనూ చివరి సర్వీసులో ఈ తీరు కొంత చూశాను. ఒక గృహంలో ఒకే పోస్టుకు సంవత్సరంలో ముగ్గురు మారారు. జీతం నెలలు గడిచినా రాకపోతే ఎవరుంటారు? మూడుసార్లు ఒప్పందపత్రం టైపు చేయించింది నేనే. అక్కడి పిల్లలు మాత్రం మారలేదు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడికి, తల్లిదండ్రుల తర్వాత మళ్లీ మళ్లీ మనుషులు మాయమవుతూ ఉంటే ఎవరి మీద నమ్మకం కుదురుతుంది?

ఇది నా సొంత అభిప్రాయమే అనుకోవద్దు. నిర్బంధంలో ఉన్న బాలల రక్షణకు ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన నియమాలు ఈ మాటే చెబుతున్నాయి. సిబ్బందిని చిత్తశుద్ధి, మానవత్వం, సామర్థ్యం చూసి జాగ్రత్తగా ఎంపిక చేయాలి. తగినవారు వచ్చేలా, వచ్చినవారు నిలిచేలా తగిన వేతనం ఇవ్వాలి. రావడం, నిలవడం రెండూ అందులో ఉన్నాయి. మనవాళ్లు మొదటిదాన్ని చట్టంలో పెట్టారు, రెండోదాన్ని మరిచారు. ఖాళీల వల్ల పిల్లలకు జరుగుతున్న నష్టాన్ని గుర్తించి, బోర్డుల్లో, కమిటీల్లో పోస్టులు త్వరగా నింపాలని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో సంపూర్ణా బెహరువా కేసులో ఆదేశించింది. నింపడం ఎంత ముఖ్యమో నిలపడం కూడా అంతే ముఖ్యమని నా మనవి.

సభ్యులకు, కుటుంబాలకు మనవి

మన కుటుంబాల్లో సమాజసేవ, మనస్తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం చదువుతున్న మనవలు, మనవరాళ్లు ఉన్నారు. ఈ కొలువులను చిన్నచూపు చూడవద్దని వారికి చెప్పండి. రెగ్యులర్ పోస్టులు పూర్తిగా లేకుండా పోలేదు. 2022లో తెలంగాణ సర్వీసు కమిషను 581 సంక్షేమాధికారుల పోస్టులకు ఇచ్చిన ప్రకటనలో బాలల గృహాల లేడీ సూపరింటెండెంటు పోస్టులు కూడా ఉన్నాయి. ఏ ప్రకటన చూసినా దరఖాస్తు పెట్టేముందు నాలుగు సంగతులు తెలుసుకోమనండి. పోస్టు రెగ్యులరా, కాంట్రాక్టా, ఔట్‌సోర్సింగా? జీతం ఏ పద్దు నుంచి వస్తుంది? పింఛను గాని, పి.ఎఫ్. గాని ఏది వర్తిస్తుంది? శిక్షణ ఎవరిస్తారు? ఆర్డరు చేతికి వచ్చాక ఈ ప్రశ్నలు అడిగి లాభం లేదు.

మనలో ఉపాధ్యాయులుగా, వార్డెన్లుగా, ఆరోగ్య శాఖలో పిల్లల మధ్య పనిచేసిన వారున్నారు. బాలల న్యాయ బోర్డుల్లో, బాలల సంక్షేమ కమిటీల్లో సభ్యులుగా ఉండగలవారెవరైనా ఉంటే జిల్లాలో వెలువడే ప్రకటనలు చూసి, వయోపరిమితి సరిచూసుకుని ముందుకు రావాలి. పదవీకాలం 3 సంవత్సరాలు. నమూనా నిబంధనల ప్రకారం సమావేశానికి గౌరవ భత్యం ఉంటుంది. ఇంక్రిమెంట్లు ఉండవు గాని, మన అనుభవం వృథా పోదు.

చివరగా, మన సంఘం డి.ఏ. బకాయిల కోసం, ఆరోగ్య కార్డుల కోసం ప్రభుత్వానికి మహజర్లు ఇస్తూనే ఉంటుంది. ఇవ్వాల్సిందే. ఈసారి మహజరులో ఇంకొక్క వాక్యం చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను: బాలల గృహాల్లో పిల్లలతో రాత్రింబవళ్లు గడిపే గృహమాత, గృహపిత, కౌన్సెలరు, ప్రొబేషను అధికారి పోస్టులను రెగ్యులర్ పోస్టులుగా భర్తీ చేయాలని. ఈ కోరిక వల్ల మన పింఛనులో ఒక్క రూపాయి పెరగదు. మా మేనకోడలిని ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు దొరుకుతుంది.